ఉఫీజీలో నాయన ఆగిపోయిన బొమ్మ

ఇటలీలో ఫ్లోరెన్స్ ఊళ్లో ఉఫీజీ అనే బొమ్మల మ్యూజియంలో ఉన్నాం. చెవిలో ఆడియో గైడు గొంతు "బొటిచెల్లి గది అయిపోయింది కదా, ఇప్పుడు పక్క గదిలోకి రండి, లియొనార్డో బొమ్మలు చూద్దాం" అంటోంది. పక్క గదిలోకి వెళ్లాం, లియొనార్డో లేడు. ఇంకో గది చూశాం, అక్కడా లేడు. ఒకే ఇయర్‌ఫోన్ వైరు, ఒకటి నాయన చెవిలో, ఒకటి నా చెవిలో, నేను ఎటు తిరిగితే ఆయన అటు రావాలి, 74 ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, అలా మూడు గదులు అటూ ఇటూ తిప్పేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. చివరికి మూలన కుర్చీలో కూర్చున్న అటెండెంటమ్మని అడిగితే అవతలి కారిడార్ అని చెయ్యి చూపించింది. లియొనార్డో బొమ్మల్ని 2018లోనే అటువైపు మార్చేశారంట. మేం డౌన్‌లోడ్ చేసుకున్న ఫ్రీ ఆడియో టూర్ అంతకు ముందెప్పుడో రికార్డు చేసింది. వెళ్లేవాళ్లు దయచేసి మీ ఆడియో ఏ సంవత్సరానిదో ఇంట్లోనే చూసుకోండి, లోపలికి పోయాక ఎవరినీ ఏమీ అనలేం.

టికెట్టు 25 యూరోలు, ముందే బుక్ చేసుకుంటే ఇంకో 4. యూరో వంద రూపాయల దగ్గరుంది, అంటే ఇద్దరికీ కలిపి ఆరువేలకి దగ్గర. బుక్ చేసుకోకుండా వెళ్లి ఆ క్యూలో నిలబడటం నాయన వల్ల కాదు. దాని పైన మనిషి గైడుని పెట్టుకోవాలంటే చెప్పే రేట్లు విని నేను ఫోన్ పెట్టేశా. అందుకే ఆడియో. తమ్ముడు బొలోన్యాలో చదువుతున్నాడు, వాడికి ఆ రోజు ల్యాబ్ ఉంది, మమ్మల్ని పొద్దున్నే స్టేషన్లో దింపి పోయాడు. ఫాస్ట్ ట్రైన్‌లో ఫ్లోరెన్స్ 40 నిమిషాలు కూడా పట్టదు, దారంతా సొరంగాలే, కొండలు చూద్దామని కిటికీ సీటు తీసుకుంటే నా మొహమే నాకు కనిపించింది. రోమ్, వెనిస్ సంగతులు ఇంకోసారి రాస్తా. ఈ ఒక్క రోజు గురించే రాయాలని ఉంది.

మా నాయన డ్రాయింగ్ మాస్టరు. హిందూపురం దగ్గర జెడ్పీ హైస్కూల్లో 30 ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యాడు. ప్రతి ఏడాదీ తొమ్మిదో క్లాసు పిల్లల్ని లేపాక్షి తీసుకుపోయేవాడు, ఒక్కొక్కరికి ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు. వీరభద్రస్వామి గుడి మంటపంలో పిల్లలందర్నీ వెల్లకిలా పడుకోబెట్టి పైకప్పు మీది బొమ్మలు చూపించేవాడు, శివపార్వతుల పెళ్లి, కిరాతార్జునీయం, ఆడవాళ్ల చీరల అంచులు. "అంచు చూసి ఎక్కించండిరా, మొగాలు తర్వాత" అనేవాడు. నేనూ ఆ రాతి నేల మీద పడుకుని మెడ నొప్పి పుట్టేదాకా గీసినదాన్నే. ఆయనకి ఇటలీ చూపించాలని పదేళ్లుగా అనుకుంటే ఇప్పటికి కుదిరింది.

ఆడియోలో ఇంగ్లీషు గడగడా పోతుంది, నాయనకి అంత స్పీడు అందదు. అందుకని రెండు మాటలు విని, ఆపి, తెలుగులో చెప్పి, మళ్లీ నొక్కడం. టూరు మొత్తం గంట అని ఉంది, గంట అయ్యేసరికి మేం ఇంకా జొత్తో గదిలోనే ఉన్నాం. ఉఫీజీ అంటే ఆఫీసులు అని, 1560లో ఫ్లోరెన్స్‌ని ఏలిన మెడిచీ ప్రభువు మొదటి కోసిమో తన ఆఫీసర్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టడానికి వసారి అనే ఆర్కిటెక్టుతో కట్టించడం మొదలుపెట్టాడని చెప్తే "తాలూకాఫీసు మాదిరా" అన్నాడు, అంతే నాయనా అన్నా. ఆయనకి బాగా పట్టిన సంగతి ఇంకోటి. మెడిచీ వంశంలో ఆఖరి మనిషి ఆనా మరియా లూయిసా, ఆమెకి పిల్లల్లేరు, రాజ్యం వేరే వంశానికి పోతోంది, అప్పుడు 1737లో ఆమె ఒప్పందం రాయించుకుంది, ఈ బొమ్మలు, శిల్పాలు ఏవీ ఫ్లోరెన్స్ దాటిపోకూడదని. నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆడకూతురు నిలబెట్టింది పాపా" అన్నాడు.

జొత్తో గదిలో మూడు పెద్ద పెద్ద మేరీమాత బొమ్మలు ఉంటాయి, చిమాబూయేది, దూచ్చోది, జొత్తోది, మూడూ సింహాసనం మీద బిడ్డని పట్టుకుని కూర్చున్నవే. ఆడియో ఇంకా మొదలుపెట్టలేదు, నాయన చెవిలోది తీసేసి మూడింటి ముందూ అటూ ఇటూ నడిచి, "వాళ్లిద్దరూ తేల్తా ఉండారు, ఈయమ్మ ఒకతే కూర్చోనుండాది. మోకాళ్లు చూడు, గుడ్డ కింద తెలుస్తా ఉండాయి" అన్నాడు. ప్లే నొక్కితే ఆడియో కూడా అదే చెప్పింది, 1310 ప్రాంతంలో జొత్తో మనిషికి బరువు తెచ్చాడు, అక్కడి నుంచే మారింది అని. నాకు ఎంత గర్వమనిపించిందో. ఆయన పుస్తకాల్లో చదివింది కాదు అది, ముప్పై ఏళ్లు పిల్లల బొమ్మలు దిద్దిన కన్ను.

బొటిచెల్లి గదుల గురించి ఎక్కువ రాయను. వీనస్ దేవత గవ్వ మీద నిలబడిన బొమ్మ ముందు ఫోన్లు పైకెత్తిన చేతులే, బొమ్మ కనపడాలంటే చేతుల మధ్య సందు వెతుక్కోవాలి. అందరూ ఎందుకు అంత ఇష్టపడతారో సందులోంచి చూసినా తెలుస్తుంది, అది వేరే సంగతి. ఒకటి మాత్రం చెప్తా, బొటిచెల్లిదే ఇంకో బొమ్మ ప్రిమవేరా చెక్క మీద వేసింది, వీనస్ గుడ్డ మీద వేసింది, నాయన ఆ రెండింటి మధ్యా తిరిగి తిరిగి గుడ్డ మీద రంగు ఎట్ల పల్చగా కూర్చుందో నాకు చూపించాడు. ఆ తర్వాతే లియొనార్డో కోసం మూడు గదుల తిరుగుడు.

అవతలి కారిడార్‌కి పోయే దారిలో అర్నో నది, పాత వంతెన కిటికీల్లోంచి కనిపిస్తాయి, అక్కడ ఐదు నిమిషాలు కూర్చున్నాం, కోపం కొంచెం దిగింది. గదిలో మూడు బొమ్మలు. ఆడియోలో ఆ ట్రాక్ వెతికి పెట్టా. గురువు వెరోక్కియో బొమ్మలో దేవదూతని శిష్యుడు లియొనార్డో వేసిన కథ చెప్పింది, గబ్రియేలు మేరీకి కబురు చెప్పే బొమ్మ గురించి చెప్పింది, మూడోదాని గురించి "ఇది పూర్తి కాలేదు" అని నిమిషం కూడా చెప్పలేదు, "ఇక మైకెలాంజెలో దగ్గరికి వెళ్దాం" అంది. నేను కదిలా. వైరు లాగింది. నాయన కదల్లేదు.

ముగ్గురు రాజులు బాలయేసుకి మొక్కడానికి వచ్చిన బొమ్మ అది. ఎనిమిదడుగుల చదరం, చెక్క మీద. రంగులు లేవు, అంతా గోధుమరంగు, పసుపు, నలుపు. మధ్యలో తల్లీ బిడ్డా, చుట్టూ వంగిపోయిన ముసలివాళ్లు, కళ్లు లోతుకు పోయిన మొహాలు, కొన్ని మొహాలకి గీత మాత్రమే ఉంది, వెనక కూలిన మేడ, మెట్లు, కొట్లాడుకుంటున్న గుర్రాలు. ఆరేళ్లు శుభ్రం చేసి 2017లో మళ్లీ పెట్టారంట, అందుకే ఒక్కో గీతా తెలుస్తోంది.

"ఎందుకు ముగించలేదు?" అన్నాడు నాయన. ఆడియో చెప్పలేదు కాబట్టి నేను ఫోన్లో వెతికి చదివా. 1481లో ఫ్లోరెన్స్ బయట ఉన్న ఒక మఠం సన్యాసులు ఇరవై నాలుగు నెలల్లో, మహా అయితే ముప్పై నెలల్లో ఇవ్వాలని రాయించుకున్నారు, అప్పటికి లియొనార్డోకి 29 ఏళ్లు, ఏడాది తిరిగేసరికి అంతా వదిలేసి మిలాన్ వెళ్లిపోయాడు. సన్యాసులు పదిహేనేళ్లు చూసి ఫిలిప్పీనో లిప్పీ అనే ఇంకో చిత్రకారుడితో అదే కథ వేయించుకున్నారు, 1496లో. అది కూడా ఈ మ్యూజియంలోనే ఉంది.

నాయన నన్ను దగ్గరికి పిలిచి నెమ్మదిగా అన్నాడు. "కల్యాణమంటపం జ్ఞాపకం ఉండాదా పాపా?"

ఉండకుండా ఎట్లా. లేపాక్షి గుడి వెనకవైపు, కప్పు లేని మంటపం. శివపార్వతుల పెళ్లికి దేవతలు, ఋషులు అందరూ వచ్చి స్తంభాల్లో నిలబడి ఉంటారు, పైన ఆకాశమే. అచ్యుతరాయల కాలంలో కోశాధికారి విరుపణ్ణ ఖజానా డబ్బు గుడికి ఖర్చుపెట్టాడని చాడీలు చెప్తే, రాజు శిక్ష వేయక ముందే తన కళ్లు తానే తీసి గోడకి కొట్టాడంటారు, ఆ ఎర్ర మచ్చలు ఇప్పటికీ చూపిస్తారు, పని అక్కడితో ఆగిపోయిందంటారు. చిన్నప్పుడు ఆ గోడ దగ్గరికి పోవాలంటే నాకు భయం.

"పెండ్లికి అందరూ వచ్చి నిలబడుకున్నారు, పైన కప్పు పడలేదు. ఈడా అంతే, అందరూ వచ్చినారు, మొక్కుతా ఉండారు, రంగు పడలేదు" అన్నాడు. ఆ మాట అన్నాక నాకు ఆ బొమ్మ ఇంక వేరేలాగా కనపడలేదు. ఆ వంగిన ముసలివాళ్లు రాతి స్తంభాల్లో ఋషుల్లాగే ఉన్నారు. తర్వాత నాయన మెల్లగా మాస్టరు అయిపోయాడు. ఇదిగో ఇది మొదటి గీత, ఇక్కడ చెయ్యి మార్చుకున్నాడు, ఇక్కడ ముందు చీకటి వేసినాడు, వెలుగు కోసం చెక్కని వదిలిపెట్టినాడు, పిల్లలకి ఎట్ల మొదలుపెట్టాలో చెప్పాలంటే ఇంతకంటే మంచి బొమ్మ లేదు అని. పక్కన ఒక జపాన్ జంట ఆయన వేలు ఎటు పోతే అటు చూస్తున్నారు, తెలుగు ఒక్క ముక్క అర్థం కాదు, అయినా పోలేదు.

జేబులోంచి చిన్న నోట్‌బుక్, పెన్ను తీశాడు. అటెండెంటమ్మ గబగబా వచ్చింది. పెన్ను చూపించి వద్దంది, తన దగ్గరున్న పెన్సిలు ముక్క ఇచ్చింది. నలభై నిమిషాలు గీశాడు, నిలబడే. నేను మోకాళ్లు అని గుర్తుచేస్తే వినిపించుకోలేదు. నేను వెళ్లి టెర్రస్ కేఫ్‌లో కాఫీ తాగి వచ్చా, ఆ కాఫీ రేటు ఇక్కడ రాయను, రాస్తే ఇంట్లోవాళ్లు చదువుతారు. వచ్చేసరికి కుడి చివర నిలబడి బొమ్మ బయటికి చూసే కుర్రాడి దగ్గరున్నాడు. అది లియొనార్డోనే అని కొందరంటారు అని చెప్తే "అయ్యుండొచ్చు, పోవాలనే ఉండాది వాని మొగంలో" అన్నాడు.

మైకెలాంజెలో గుండ్రటి బొమ్మ, రఫాయెల్ నడుస్తూ చూశాం. కింది అంతస్తులో కారవాజ్జో, ఆర్టెమీసియా అనే చిత్రకారుల బొమ్మల దగ్గర నిమిషం చొప్పున నిలబడ్డాం, నేను ఇంట్లో రాసుకున్న లిస్టులో సగం పోయింది, ట్రైన్ టైమ్ అయిపోయింది. నాకు బాధగా ఉంది, కాదని అనను, ఆరువేలు పెట్టి ఇంత దూరం వచ్చి.

ట్రైన్‌లో సొరంగాల చీకట్లో నాయన నోట్‌బుక్ తెరిచి చూసుకుంటూనే ఉన్నాడు. ఒక పేజీలో ఆ గుంపు. ఎదురు పేజీలో, ఎప్పుడు వేశాడో తెలీదు, కల్యాణమంటపం స్తంభాలు మూడు.

రాత్రి తమ్ముడితో మాట్లాడి మళ్లీ బుక్ చేశాం, సోమవారం సెలవు కాబట్టి మంగళవారానికి. ఈసారి ఆడియో వద్దన్నాడు, ఇయర్‌ఫోన్ ఇంట్లోనే పెట్టి పోతాం. మోకాళ్ల కోసం లోపలికి చిన్న మడత స్టూలు పట్టుకుపోనిస్తారా, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.