కోవిడ్ కాలపు ఆర్థిక విధానాలు: మెయిన్స్‌కు నేను చదివిన పద్ధతి

గ్రూప్-1, సివిల్స్ మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు,

కోవిడ్ సమయంలో ప్రభుత్వం అనుసరించిన విధానాలపై ప్రశ్న వస్తే, పథకాల పేర్లనూ ప్రకటనల తేదీలనూ వరుసగా పేర్చి జవాబు ముగించడం మనలో చాలామందికి అలవాటు. ఆర్థికశాస్త్ర దృష్టితో రాయాలంటే ప్రతి ప్రకటన దగ్గరా ఆగి, ఈ సొమ్ము ఎవరి ఖాతా నుంచి కదిలింది, ఎవరికి చేరింది, ఏ సమయానికి చేరింది అని అడగాలి. నా నోట్సు మొత్తాన్ని ఈ ప్రశ్నల చుట్టూనే రాసుకున్నాను.

2020 మే నెలలో ప్రకటించిన ఆత్మనిర్భర్ భారత్ ప్యాకేజీని ఈ కోణంలో విడదీసి చూడండి. మొత్తం విలువ 20,97,053 కోట్ల రూపాయలని కేంద్రం చెప్పింది. అందులో 8,01,603 కోట్లు రిజర్వు బ్యాంకు చేపట్టిన ద్రవ్యలభ్యత చర్యలు, అంటే బ్యాంకుల చేతిలో అప్పివ్వడానికి డబ్బు ఉండేలా చూడటం. అవి బడ్జెట్ ఖర్చు కావు. చిన్న పరిశ్రమలకు కేటాయించిన 3 లక్షల కోట్లు బ్యాంకులు ఇచ్చే అప్పు. ప్రభుత్వం ఇచ్చింది హామీ మాత్రమే, దానికోసం నాలుగు ఆర్థిక సంవత్సరాలకు కలిపి 41,600 కోట్ల నిధిని ఏర్పాటు చేసింది. హామీని తక్కువ చేసి రాయనక్కరలేదు. మూతపడబోయే యూనిట్ నిలబడితే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం దక్కినట్టే. కానీ సరుకు కొనేవాడే లేని రోజుల్లో వ్యాపారి కొత్త అప్పుకు వెనకాడతాడన్న వాక్యం కూడా జవాబులో ఉండాలి.

నగదు సాయంపై జరిగిన చర్చ ఈ అంశంలో నాకు అన్నింటికంటే ఆసక్తికరంగా అనిపించింది. లాక్‌డౌన్ మొదలైన మర్నాడే, మార్చి 26న, జనధన్ ఖాతాలున్న మహిళలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు, రేషన్ లబ్ధిదారులకు మనిషికి నెలకు 5 కిలోల ఉచిత ధాన్యం ప్రకటించారు. ఇది చాలదని, రేషన్ కార్డు లేనివారికి తాత్కాలిక కార్డులు ఇవ్వాలని ఆర్థికవేత్తలు అమర్త్య సేన్, రఘురామ్ రాజన్, అభిజిత్ బెనర్జీ ఏప్రిల్‌లో రాశారు. అప్పటికి భారత ఆహార సంస్థ వద్ద 7.7 కోట్ల టన్నుల నిల్వలున్నాయి. గోదాములో మూలుగుతున్న ధాన్యాన్ని పంచడానికి అయ్యే అవకాశ వ్యయం (దాన్ని మరోలా వాడితే దక్కేది వదులుకోవడం) స్వల్పం కనుక, ఈ వాదనను నేను బలమైనదిగానే భావిస్తాను. దుకాణాలు మూసి ఉన్నప్పుడు చేతికిచ్చిన డబ్బు ఉత్పత్తిని పెంచదు, ఆర్థిక వ్యవస్థ తెరుచుకున్నాక పెట్టే మూలధన వ్యయానికే (రోడ్లు, భవనాల వంటి ఆస్తులపై ఖర్చు) గుణక ప్రభావం, అంటే ఒక రూపాయి ఖర్చు అంతకు మించి ఆదాయాన్ని పుట్టించడం, ఎక్కువ అన్నది నాటి ప్రధాన ఆర్థిక సలహాదారు కృష్ణమూర్తి సుబ్రమణియన్ వైపు వాదన. నిజానికి రెండు వాదనలూ ఒకే లక్ష్యం గురించినవి కావు. మొదటిది ఆకలి తీర్చడం గురించి, రెండోది గిరాకీ పెంచడం గురించి. ఈ తేడా చూపగలిగితే జవాబు స్థాయి మారుతుంది.

ఉపాధి హామీ పథకానికి బడ్జెట్‌లో ఉన్న 61,500 కోట్లకు మరో 40,000 కోట్లు చేర్చారు. 2019-20లో సుమారు 265 కోట్లుగా ఉన్న పనిదినాలు మరుసటి ఏడాది 389 కోట్లకు చేరాయి. అవసరమున్నవారే పనికి వస్తారు కనుక లబ్ధిదారుల ఎంపికకు వేరే యంత్రాంగం అక్కర్లేదు. పట్టణ కూలీకి అప్పట్లో జాతీయ స్థాయిలో ఇలాంటి రక్షణ లేదు. 2020 మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే తొలి శ్రామిక్ రైలు బయలుదేరడం వెనుక ఉన్న ఆర్థిక కారణం ఇదే. తెలంగాణ నుంచి రాసేవారు ఈ ఉదాహరణను వదులుకోకూడదు.

రెపో రేటును (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పుపై వడ్డీ) 5.15 నుంచి 4 శాతానికి తగ్గించడాన్ని ఒక్క వాక్యంలో ముగించవచ్చు. రాష్ట్రాల అప్పుకు మాత్రం ఒక పేరా కేటాయించండి. 2020-21కి రుణ పరిమితిని జీఎస్‌డీపీలో (రాష్ట్ర స్థూల ఉత్పత్తి) 3 నుంచి 5 శాతానికి పెంచినా, ఆ అదనంలో కొంత భాగాన్ని ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు, విద్యుత్ రంగం, పట్టణ స్థానిక సంస్థలు, సులభతర వాణిజ్యం అనే నాలుగు సంస్కరణలకు ముడిపెట్టారు. పన్నుల రాబడి పడిపోయి, ఆసుపత్రుల ఖర్చు పెరిగిన ఏడాదిలో రాష్ట్రాలపై ఇలాంటి షరతులు పెట్టడం సబబా అన్న చర్చ సమాఖ్య వ్యవస్థ ప్రశ్నలోనూ పనికొస్తుంది.