నడక పెరిగింది, అలసట పోలేదు

ఈరోజు ఆరు నిమిషాల నడక పరీక్ష మళ్లీ పెట్టారు. బైపాస్ అయిన కొత్తలో ఇదే వరండాలో సగం దూరానికే గోడ పట్టుకుని నిలబడిపోయేదాన్ని. ఈరోజు ఎక్కడా ఆగలేదు. ఫిజియోథెరపిస్టు అమ్మాయి దూరం రాసుకుంటూ మురిసిపోయింది. నాకూ ఆనందమే. కానీ ఇంటికి వచ్చాక పేపరు తెరిస్తే ఒకే వాక్యం దగ్గర కళ్లు తిరుగాడాయి, చదివింది బుర్రకెక్కలేదు.

ఒంట్లో సత్తువ వస్తే అలసట దానంతటదే పోతుందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. రెండూ ఒకటి కాదు. నడిచే దూరం గుండె, ఊపిరితిత్తులు, కాళ్ల కండరాలు ఎంత పని చేయగలవో చెబుతుంది. అలసటలో సరిగా పట్టని నిద్ర ఉంటుంది, బెంగ ఉంటుంది, దేనిమీదా ఆసక్తి పుట్టకపోవడం ఉంటుంది. బీటా బ్లాకర్ మాత్రలతో కూడా కొందరికి నీరసం వస్తుంది. అలాగని డాక్టరును అడగకుండా వాటిని ఆపకూడదు.

ఆ మాత్రలు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి కాబట్టి నాడి ఒక్కటే చూసి శ్రమను అంచనా వేయలేరు. అందుకే ట్రెడ్‌మిల్ ఎదురుగా, ఎంత శ్రమ అనిపిస్తోందో మనమే అంకెలో చెప్పే బోర్గ్ పట్టిక పెట్టారు. 6 అంటే శ్రమే లేదు, 20 అంటే ఇక చేతకాదు. "ఇప్పుడెంత అమ్మా?" అని ఫిజియోథెరపిస్టు అమ్మాయి అడిగింది. 13 అన్నాను, అంటే కాస్త కష్టంగా ఉందని. మాట్లాడుతూ నడవగలుగుతున్నానో లేదో గమనించి, వేగం అలాగే ఉంచింది. నా ఒంటి సంగతి నన్నే అడగడం ఎంత ధైర్యమిస్తుందో!

పక్కన సైకిలు తొక్కుతున్న పెద్దాయన, మంచం పట్టిన కొద్ది రోజులకే ఇంత నీరసమేమిటని దిగులుపడ్డారు. ఆయనకు అమెరికాలోని డాలస్‌లో జరిగిన ప్రయోగం గురించి చెప్పాను. 1966లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు యువకులను 3 వారాలు మంచం మీదే ఉంచారు. 30 ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షిస్తే, వయసు తగ్గించిన శక్తి కంటే ఆ 3 వారాల పడక తగ్గించిందే ఎక్కువని తేలింది. "అయితే ఇదంతా గుండె జబ్బే కాదన్నమాట" అన్నారాయన. ముఖం తేటపడింది.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నడక దూరం ఒక్కటే చెప్పి రాను. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోందో, మాత్ర వేసుకున్నాక ఎప్పుడు నీరసం కమ్ముకుంటోందో ఈ రాత్రి నుంచే రాసిపెడతాను.