కొమ్ము, వెండి, అల్యూమినియం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో నగ అంటే బంగారమే. పెళ్ళిలో ఎన్ని తులాలు పెట్టారని అడుగుతారు గానీ, ఎవరు చేశారని అడిగినవాళ్ళని నేను చూడలేదు. కంసాలి ఇంట్లో పుట్టాను, నాన్న కుంపటి, పట్టకారు, తీగ లాగే కమ్మచ్చు చూస్తూ పెరిగాను. నాకు తెలిసిన నగల ప్రదర్శన అంటే పెళ్ళిళ్ళ సీజన్లో షోరూముల వాళ్ళు హోటల్ హాల్లో పెట్టే అమ్మకమే. భువనేశ్వర్‌లో డిజైన్ చదివే పిల్లలు పెట్టిన ప్రదర్శనకి మా చెల్లి బలవంతంగా తీసుకెళ్ళింది. అప్పటినుంచి నాకిది ఒక పిచ్చిలా పట్టుకుంది.

ఆ రోజు ఒకమ్మాయి తను చేసిన నగల పక్కన ఒక ఫోటో పెట్టింది. నల్లటి రబ్బరు కడియం, ఒకచోట గుండ్రంగా ఉబ్బి ఉంది. ఓట్టో కూన్‌జ్లీ అనే స్విట్జర్లాండ్ కళాకారుడు 1980లో చేశాడు. ఉబ్బిన చోట లోపల బంగారు గుండు ఉంది. చూడాలంటే రబ్బరు కోయాలి, కోస్తే కడియం పోతుంది. దానికాయన పెట్టిన పేరుకి అర్థం, బంగారం కళ్ళు కనిపించకుండా చేస్తుందని. తూకం, మచ్చు, తరుగు, మజూరీ, ఈ లెక్కల మధ్య పెరిగినదాన్ని. బంగారం ఉండి కూడా బయటికి చూపించని నగ ముందు చాలాసేపు నిలబడిపోయాను.

తర్వాత రాష్ట్ర ఆదివాసీ మ్యూజియానికి వెళ్ళాను. అది కూడా భువనేశ్వర్‌లోనే ఉంది. అందులో నగలకే ఒక గది. మల్కన్‌గిరి కొండల్లో ఉండే బోండా తెగ స్త్రీలు మెడకి వేసుకునే అల్యూమినియం కడ్డీలు అక్కడ చూశాను. ఒకదానిమీద ఒకటి, గడ్డం కింది నుంచి భుజాలదాకా. ఇంటికొచ్చి వెతుకుతుంటే తెలిసింది, 1967లో నెదర్లాండ్స్‌లో గైస్ బాకర్, ఎమ్మీ వాన్ లేర్సుమ్ అనే దంపతులు కూడా అల్యూమినియంతోనే పెద్ద పెద్ద మెడపట్టీలు చేశారని. బంగారం, రాళ్ళు ఉంటేనే నగ అవుతుందా అని వాళ్ళ ప్రశ్న. యూరప్‌లో కొత్త నగల కథ చెప్పేవాళ్ళంతా వాళ్ళ పేర్లు చెప్తారు. మన బోండా ఆడవాళ్ళకి ఆ ప్రశ్నే అవసరం పడలేదు. అల్యూమినియం మెడలో వేసుకున్నారు, అది నగ అయింది. ఈ రెండూ ఒకే గదిలో పక్కపక్కన పెట్టిన ప్రదర్శన ఎక్కడైనా జరిగితే టికెట్ కొని మరీ వెళ్తాను.

అల్యూమినియం అనగానే నాకు దమన్‌జోడి గుర్తొస్తుంది. కోరాపుట్ వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు, అల్యూమినియం తీసే ఖనిజం బాక్సైట్, పంచపట్మలి కొండ నుంచి నాల్కో కంపెనీ ఫ్యాక్టరీలోకి దిగేది అక్కడే. ఖనిజం నుంచి కిలో అల్యూమినియం తీయాలంటే దాదాపు 14 యూనిట్ల కరెంటు కావాలి. పాత గిన్నె కరిగిస్తే అందులో ఇరవయ్యో వంతు చాలు. ఒడిశాలోనే ఉన్న నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం వద్దని 2013లో 12 గ్రామసభలూ తీర్మానం చేశాయి. ఆ కొండమీది డోంగ్రియా కోందు తెగవాళ్ళ కుట్టుపని శాలువా, కపడాగండాకి, 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు వస్తువని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. జనవరి 26న భువనేశ్వర్‌లో మొదలయ్యే ఆదివాసీ మేళాలో ఆ శాలువా చేతిలోకి తీసుకుని కుట్టు చూడండి. త్రికోణాల వరసలుంటాయి, అవి కొండలే. ఇవన్నీ తెలిశాక, లోహం ఏ కొండ నుంచి వచ్చిందో అడగకుండా నగని మెచ్చుకోవడం నాకు చేతకావట్లేదు.

ఇక మా ఊరి కొమ్ము పని. గేదె కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేసే కుటుంబాలు మా దగ్గర రాజుగారి కాలం నుంచీ ఉన్నాయి. చిన్నప్పుడు ప్రతి ఇంట్లో షోకేసులో ఒక కొమ్ము కొంగ ఉండేది, దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళం కాదు. ఈమధ్య కొమ్ము పని చేసే ఒక భాయినా (ఒడియాలో అన్న) దగ్గర కూర్చుని పని మొత్తం చూశాను. కొమ్ముని రంపంతో కోసి, కొబ్బరినూనె రాసి, నిప్పు సెగ మీద తిప్పుతాడు. గోళ్ళలో ఉండే కెరాటినే కొమ్ములోనూ ఉంటుంది కాబట్టి వేడికి మెత్తబడుతుంది. అప్పుడు వంచాలి, చల్లారితే వినదు. ఆకురాయి పెడుతుంటే వెంట్రుకలు కాలిన వాసన గుప్పుమంటుంది. ప్లాస్టిక్ కాదని చెప్పడానికి ఆ వాసన ఒక్కటి చాలు. మెరుగు పెట్టాక వెలుతురుకి ఎత్తి చూపించాడు. నల్లగా ఉందనుకున్న ముక్క అంచున తేనెరంగు తేలింది, లోపల సన్నటి చారలు. ఆ చారలు ఏ రెండు ముక్కల్లోనూ ఒకేలా రావు. దానికోసం ఏ జంతువునీ చంపరు, చనిపోయిన పశువు కొమ్ము అది. గీత పడితే మళ్ళీ రుద్దుకోవచ్చు. నీళ్ళలో నాననివ్వకూడదు, అప్పుడప్పుడూ నూనె రాయాలి, లేకపోతే పురుగు పడుతుంది.

అలాంటి ముక్కని నాన్న వెండి తీగతో కట్టి లాకెట్ చేసిచ్చారు. అది వేసుకుని పేరంటానికి వెళ్తే మా మేనత్త, ‘ఏటే ఇది, చచ్చిన గొడ్డు కొమ్ము మెళ్ళో ఏసుకున్నావా’ అంది. ఆవిడ తలలో పెట్టుకున్న దువ్వెన కూడా కొమ్ముదే అత్తా అన్నాను. ‘దువ్వెన ఏరు, మెడ ఏరు’ అంది. ఆ మాటని కొట్టిపారేయలేను. ఒంటిమీద ఏది ఎక్కడ ఉండాలో మన ఆడవాళ్ళకి గట్టి లెక్కలున్నాయి. కొత్త నగ చేసేవాళ్ళు వాటిని తెలుసుకుని చేస్తేనే మన ఊళ్ళో ఎవరైనా వేసుకుంటారు.

ప్రదర్శనల్లో ఇప్పుడు ప్రతి స్టాల్ మీదా ‘ఎకో ఫ్రెండ్లీ’ అని రాసుంటుంది. పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళు కంసాలి ఊపిరితిత్తుల గురించి కూడా మాట్లాడాలని నాకుంటుంది. ‘కేడీఎం నగ’ అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు కదా, ఆ టంకంలో కలిపేది కాడ్మియం. కాలుస్తుంటే లేచే పొగ ఊపిరితిత్తుల్నీ కిడ్నీల్నీ తినేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. కొనేవాళ్ళ ఒంటికి అది తగలదు, కుంపటి ముందు కూర్చున్నవాళ్ళకి తగులుతుంది. నాన్న అది మానేయడం నాకు ఏ అవార్డు నగ కన్నా పెద్ద సంగతి.

పాత బంగారం కరిగించి కొత్తది చేయడం మన కంసాలి వీధుల్లో ఎప్పుడూ ఉన్నదే. దుకాణం ఊడ్చిన మట్టిని కూడా కొనుక్కెళ్ళి, కడిగి, బంగారు రజను తీసేవాళ్ళు ఉండేవాళ్ళు. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ వాళ్ళు పాత ఫోన్లు, కంప్యూటర్లు పోగుచేసి 32 కిలోల బంగారం తీశారని నాన్నకి చదివి వినిపించాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఏ యాసిడ్ వాడారు, ఆ నీళ్ళు ఎక్కడ పోశారు అని అడిగారు. నేనూ ఇప్పుడు స్టాల్ దగ్గర అదే అడుగుతున్నాను. ఎవరు చేశారు, తెగితే ఎవరు బాగుచేస్తారు అని కూడా అడుగుతాను. జవాబు చెప్పగలిగినవాళ్ళ దగ్గరే కొంటాను. చాలామంది చేసినవాళ్ళ ఊరు పేరైనా చెప్పలేరు. వెండి తీగతో అల్లే కటక్ తారకసి నగల స్టాళ్ళలో మాత్రం చేసినాయనే ఎదురుగా కూర్చుని ఉంటాడు, వెండి తీగ ఎలా పేని వంచాలో అడిగితే చాలు, పని ఆపి మరీ చూపిస్తాడు.