ఏనుగు బొమ్మ, చీమ కథ

మూడో తరగతి దాకా నాకు చదవడం రాదని ఎవరికీ తెలియదు. అక్క పైకి చదువుతుంటే రెండుసార్లు వినేదాన్ని, పాఠం నోటికొచ్చేసేది. క్లాసులో లేపితే పుస్తకం పట్టుకుని గడగడా అప్పజెప్పేదాన్ని. ఒకరోజు టీచరు వెనక నుంచి వచ్చి చూశారు. నేను తెరిచిన పేజీలో ఏనుగు బొమ్మ ఉంది, చదువుతున్నది చీమ కథ.

దొంగవేషాలని తిట్టారు. నాన్న ఒక్కో అక్షరం వందేసి సార్లు రాయించారు. సగంలో 'వ' కాస్తా 'మ' అయిపోయేది, అక్కణ్ణుంచి చివరిదాకా 'మ'లే.

కళ్లు, చెవులు పరీక్షించారు, రెండూ బాగానే ఉన్నాయి. తర్వాత తీసుకెళ్లిన సైకాలజిస్టు నాతో 'బిలకు', 'తొగిమ' లాంటి అర్థంలేని మాటలు చదివించారు. ఎక్కడా వినని మాటలు ఎలా అప్పజెప్పను? చెమటలు పట్టాయి. "చిలకలో 'ల' తీసేస్తే?" అంటే చాలాసేపు ఆలోచించి "పలక" అన్నాను.

డిస్లెక్సియా అన్నారు. తెలివికీ దీనికీ సంబంధం లేదట. మాటను ధ్వనులుగా విడగొట్టి అక్షరాలకు జతచేసే దగ్గరే చిక్కంతా. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే బ్రిటిష్ డాక్టరు ఇలాగే చదవడం రాని పర్సీ అనే 14 ఏళ్ల అబ్బాయి గురించి రాశారు. చదువంతా నోటితోనే చెబితే స్కూల్లో అందరికన్నా చురుకైనవాడు వీడే అని పర్సీ టీచరు అన్నారట. పెద్దయ్యాక అది విన్నప్పుడు నవ్వొచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది.

దీనికి మందుల్లేవు. రంగు కళ్లద్దాలు పెట్టించమని చుట్టాలు చెప్పారు కానీ వాటితో తగ్గేది కాదిది. వారానికి మూడు రోజులు, 40 నిమిషాలు స్పెషల్ టీచరు దగ్గర కూర్చునేదాన్ని. పళ్లెంలో ఇసుక పోసి, ధ్వని పైకి పలుకుతూ వేలితో అక్షరం దిద్దాలి. మాటలో ఎన్ని ధ్వనులుంటే అన్ని గుండీలు జరపాలి. 'వాన'కి నాలుగు: వ్, ఆ, న్, అ. విసుగు పుట్టే పనే. కానీ రెండేళ్లకి, ఎప్పుడూ వినని కథ ఒకటి నాకు నేనే చదువుకున్నాను.

నయమైపోయిందని మాత్రం అనను. ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాను, పెద్ద పుస్తకాలైతే ఫోన్లో వింటాను.

ఇలాంటివి చాలావరకు వంశంలో వస్తాయని ఆ రోజు సైకాలజిస్టు చెబుతుంటే నాన్న ఏమీ అనలేదు. ఆయన పేపరు చదవగా నేనెప్పుడూ చూడలేదు, రేడియో వార్తలు చాలనేవారు. ఒక రాత్రి మంచినీళ్లకి లేచి చూస్తే, నా గుండీలు ముందేసుకుని కూర్చున్నారు, పెదాలు కదుపుతూ.