తెల్లారేసరికి గులాబీ

పదకొండున్నర. అత్తయ్య గదిలో లైటు ఆరి చాలాసేపయింది. నాకు మాత్రం నిద్ర రావడం లేదు. ఎదురుగా బల్ల మీద మెరూన్ టీషర్ట్ ఉంది. చూడకూడదనుకుంటూనే మళ్ళీ మళ్ళీ అటే చూస్తున్నాను.

చవితి కమిటీ కుర్రాళ్ళ స్క్రీన్ ప్రింటింగ్ ఆర్డరు, నలభై టీషర్టులు. నిన్న సాయంత్రం క్యూరింగ్, అంటే ఇంకుని వేడితో గట్టిపరచడం, అయ్యాక వీపు మీద అక్షరాలు తెల్లగా మెరిసిపోతున్నాయి. సాగదీసి చూశాను, ఎక్కడా పగుళ్ళు లేవు. వేడి తగ్గకముందే కట్టలు కట్టేసి పడుకున్నాను. పొద్దున్నే విప్పితే తెలుపు లేదు. పాలల్లో చిటికెడు కుంకుమ కలిపిన రంగు. పైనున్న వాటికి కాస్త తక్కువ, కట్ట మధ్యలో వాటికి మరీ ఎక్కువ.

కాటనేనా అని టీషర్టులు అమ్మిన కొట్టాయన్ని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ప్యూర్ కాటనే అన్నాడు. మెడ దగ్గర లేబుల్ మీదా అదే రాసుంది. అనుమానం వచ్చి అంచున ఒక దారం లాగి అగ్గిపుల్ల అంటించాను. కాటనైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలిపోవాలి. ఇదేమో ముడుచుకుపోయి చివర ఆవగింజంత నల్ల ఉండ కట్టింది. చల్లారాక గోటితో నొక్కితే పూసలా గట్టిగా ఉంది. పాలిస్టర్ బాగానే కలిసింది.

ఫోన్ చేస్తే "మీ ఇంకులోనే ఏదో తేడా ఉందేమో మేడమ్" అన్నాడు. ఆ మాట పొద్దుట్నుంచీ చెవిలోనే ఉంది. ఇంకులో ఏ తేడా లేదు. నేను వాడే ప్లాస్టిసాల్ ఇంకు గాలికి ఆరేది కాదు, దాదాపు 160 డిగ్రీల వేడి తగిలితేనే గట్టిపడుతుంది. పాలిస్టర్‌కి పట్టించిన రంగేమో ఆ వేడికి ఆవిరై పైకి లేస్తుంది. అలా కింద గుడ్డలోని మెరూన్ తెలుపులోకి ఎక్కింది. వెంటనే కూడా కాదు, రాత్రంతా మెల్లగా. గుడ్డ సంగతి నిజం చెప్పుంటే నేను వేరే ఇంకు తీసేదాన్ని. పాలిస్టర్ అమ్మడం తప్పని నేననను. కాటనని చెప్పి అమ్మడం తప్పు. అదీ కాటన్ రేటు తీసుకుని.

మధ్యాహ్నం దాకా, ఇక ప్లాస్టిసాల్ జోలికే పోకూడదు, పాత రబ్బర్ ఇంకే నయం అనుకున్నాను. అది నీళ్ళతో చేసింది, అంత వేడి అడగదు. ఈయనతో కూడా అనేశాను. తర్వాత మే నెల గుర్తొచ్చింది. బెజవాడ ఎండకి రబ్బర్ ఇంకు స్క్రీన్‌లోనే, అంటే ఇంకు దిగే జల్లెడ చట్రంలోనే, ఆరిపోయేది. గ్యాస్ అబ్బాయి వస్తే తలుపు తీసొచ్చేసరికి మెష్ కళ్ళన్నీ మూసుకుపోయి, ఎంత కడిగినా రాక రెండు స్క్రీన్లు పారేశాను. ప్లాస్టిసాల్‌ని రాత్రంతా స్క్రీన్ మీదే వదిలేసినా పొద్దున్న అలాగే ఉంటుంది. కోపంలో అన్న మాట అది, వెనక్కి తీసుకుంటున్నాను.

సాయంత్రం బెండకాయలు తరుగుతుంటే పెడనలో కలంకారీ అచ్చులు వేసే తాతయ్య గుర్తొచ్చాడు. పెరట్లో కసీమి కుండ ఉండేది, నల్ల రంగు కోసం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు వేసి రోజుల తరబడి పులియబెట్టేవాళ్ళు. మూత తీస్తే వచ్చే వాసనకి నేను ముక్కు మూసుకుని పారిపోయేదాన్ని. చూడటానికి బురదనీళ్ళు. టేకు అచ్చు అందులో అద్ది, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద వేస్తే మాత్రం నల్లటి పువ్వు లేచేది. ఒకసారి ఎవరూ లేనప్పుడు నా పాత గౌను మీద అచ్చు వేసుకున్నాను. తుప్పు మరక పడింది, అంతే. ఏడుస్తూ కూర్చుంటే తాతయ్య నన్ను తిట్టలేదు. నేత తానొకటి తెచ్చి దాని మీద ఒక నీటిబొట్టు వేశాడు. బొట్టు ఇంకకుండా ముత్యంలా నిలబడింది. గంజి ఇంకా పోలేదన్నమాట. ఆ గుడ్డ తాను మళ్ళీ కాలవకి వెళ్ళింది. కడిగించి తెచ్చామని ఎవరెంత చెప్పినా, బొట్టు వేసి చూడనిదే ఏ తానునీ బల్ల మీదికి రానిచ్చేవాడు కాదు.

కత్తిపీట దగ్గర అలా ఆగిపోయాను. దారం కాల్చి చూడటం నాకెప్పుడో తెలుసు. నలభై పీసులూ అయ్యాక కాల్చాను. ముందు కాల్చలేదు. మెషిన్ వేడెక్కిందని, కరెంటు పోతుందని తొందరపడ్డాను. కొట్టాయన మీద కోపం మాత్రం అలాగే ఉంది. రేపు ఆ దారం ఉండ పట్టుకెళ్ళి చూపిస్తాను.

కమిటీ అబ్బాయికి ఫొటో పెడితే "బానే ఉన్నాయక్కా, నిమజ్జనం రోజు ఎలాగూ అంతా గులాలే కదా" అన్నాడు. మంచి పిల్లాడు. కానీ వాళ్ళు అడిగింది తెలుపు.

ఈయన రాత్రి, గుడ్డ రంగు పైకి ఎక్కకుండా ఆపే లో బ్లీడ్ తెలుపు, దాని కింద వేసే గ్రే బేస్ తెచ్చారు. ఈ తెలుపు 130 డిగ్రీలకే గట్టిపడుతుందట, డబ్బా మీద రాసుంది. అదనంగా కొన్న రెండు పీసుల్లో ఒకదానికి ముందు గ్రే వేసి, ఫ్లాష్ చేసి, అంటే కాసేపు వేడి తగిలించి, పైన తెలుపు వేశాను. వేడి పూర్తిగా తగ్గేదాకా ఆగి మడత పెట్టాను. బల్ల మీదున్నది అదే. ఇప్పుడైతే తెల్లగానే ఉంది. నిన్న రాత్రి అవీ ఇలాగే ఉన్నాయి. ఆరింటికి అలారం పెట్టుకున్నాను.