తుంటి నొప్పి నుంచి ఆపరేషన్ దాకా

తిరుపతి బైరాగిపట్టెడలో మాది చిన్న టిఫిన్ సెంటర్. తెల్లవారుజామున ఇడ్లీ పాత్ర పొయ్యి మీదికి ఎక్కించిన దగ్గర నుంచి దోసెల రద్దీ తగ్గేదాకా పెనం ముందు నిలబడే ఉంటాను. అందుకే కుడి మోకాలు నొప్పి మొదలైనప్పుడు ఎవరికీ వేరే అనుమానం రాలేదు. "ఇన్నేళ్లు నిలబడి చేస్తే మోకాళ్లు అరగకుండా ఉంటాయా అక్కా" అనేవాళ్లు రోజూ వచ్చేవాళ్లు. మోకాలికి ఎక్స్‌రే తీస్తే వయసుకు తగ్గ అరుగుదలే తప్ప పెద్దగా ఏమీ లేదన్నారు. నొప్పి మాత్రం తగ్గలేదు. గజ్జలో మొదలై తొడ ముందు భాగం మీదుగా మోకాలి దాకా లాగేది.

అసలు సంగతి పట్టుకున్నది ఇంకో ఎముకల డాక్టరు గారు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని మెల్లగా బయటి వైపుకు తిప్పారు. ప్రాణం పోయినంత పనైంది. "నొప్పి మోకాల్లో తెలుస్తోంది గానీ, జబ్బు తుంటిలో ఉందమ్మా" అన్నారు. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాలు ఒకటే కావడంతో తుంటి నొప్పి ఒక్కోసారి మోకాల్లోనే తెలుస్తుందట. తుంటి కీలులో తొడ ఎముక తల బంతిలా ఉండి, గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. తుంటికి తీసిన ఎక్స్‌రేలో ఎడమ వైపు ఆ బంతికీ గిన్నెకూ మధ్య నల్లటి సందు స్పష్టంగా ఉంది. కుడి వైపు పైభాగంలో ఆ సందే లేదు, మధ్యలో ఉండే గుజ్జు అరిగిపోయి ఎముక ఎముకకు ఆనుకుని ఉంది. మోకాలి నొప్పికి మందులు వాడుతున్నా తగ్గనివాళ్లు, ముఖ్యంగా గజ్జలో కూడా నొప్పి ఉన్నవాళ్లు, తుంటిని కూడా చూడమని డాక్టరును అడగండి. నేను ఇది రాయడానికి మొదటి కారణం ఇదే.

తుంటి పట్టేస్తే ఏం పోతుందో బయటివాళ్లకు తెలియదు. శుక్రవారం కాళ్లకు పసుపు రాసుకోవడానికి కూర్చుంటే ఎడమ పాదం అందేది, కుడి పాదం అందేది కాదు. ఆ కాలి గోళ్లు మా కోడలు తీసేది. షేర్ ఆటో ఎక్కాలంటే కుడి కాలిని రెండు చేతులతో పట్టుకుని లోపల పెట్టుకోవాలి. రాత్రి పక్క మీద ఇటు నుంచి అటు తిరిగితే మెలకువ వచ్చేసేది.

ఆపరేషన్ మాట డాక్టరు గారు వెంటనే ఎత్తలేదు. నొప్పి మాత్రలు రాస్తూ, బీపీ ఉంది కాబట్టి వాటిని ఎడాపెడా మింగొద్దని, కడుపుకీ కిడ్నీలకీ దెబ్బ అని గట్టిగా చెప్పారు. చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకోమన్నారు. నొప్పి కుడి కాలికైతే కర్ర ఎడమ చేతికేంటని బస్టాండులో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆపి చెప్పేవాళ్లు. కానీ సరైనది అదే. అడుగు వేసేటప్పుడు ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు తుంటి కీలు మీద పడుతుంది. ఎదుటి చేతిలో కర్ర ఉంటే నొప్పి ఉన్న వైపు కండరాలు అంత బలంగా లాగాల్సిన పని తప్పుతుంది, కీలు మీద భారం తగ్గుతుంది. బరువు తగ్గమనేదీ అందుకే, ఒక కిలో తగ్గినా తుంటికి అంతకు మించిన ఊరట. నేను కొంత తగ్గాను. ఫిజియోథెరపీలో పిరుదు కండరాలకు నేర్పిన వ్యాయామాలు ఇంట్లో రోజూ చేశాను. కొన్ని నెలలు నిజంగానే తేలిగ్గా గడిచాయి.

మా వదిన ఆయుర్వేదం మీద నమ్మకం ఉన్న మనిషి. ఆమె మాట మీద తైలం మర్దన చేయించుకున్నాను. పట్టేసిన కండరాలు సడలి హాయిగా అనిపించింది. ఆ వైద్యుడు గారు కూడా, అరిగిపోయిన గుజ్జు తిరిగి పెరుగుతుందని మాత్రం చెప్పలేనన్నారు. ఆ నిజాయితీకి ఆయనంటే గౌరవం పెరిగింది. గుజ్జు పెంచుతామని వేలకు వేలు తీసుకునే చోట్లు ఉన్నాయి, అక్కడ జాగ్రత్త.

స్టెరాయిడ్ ఇంజక్షన్ గురించి కూడా ఆలోచించాం. తుంటి కీలు లోతుగా ఉంటుంది కాబట్టి స్కానింగ్‌లో చూస్తూ వేయాలి. కొందరికి కొన్ని వారాలో నెలలో ఊరట ఇస్తుంది. కానీ అది వేయించుకున్నాక కనీసం మూడు నెలలు కీలు మార్పిడి ఆపరేషన్ (అరిగిన కీలు తీసి కృత్రిమ కీలు పెట్టడం) చేయరు, ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. నా కీలు అప్పటికే బాగా అరిగిపోయింది కాబట్టి వద్దనుకున్నాం.

చివరికి డాక్టరు గారు ఎక్స్‌రే పక్కన పెట్టి మూడు మాటలు అడిగారు. రాత్రి నిద్ర పడుతోందా? ఎంత దూరం నడవగలుగుతున్నారు? నొప్పి వల్ల ఏ పనులు మానేశారు? ఎక్స్‌రేలో ఇంతకంటే ఘోరంగా ఉన్నా హాయిగా తిరిగేవాళ్లు ఉంటారట. నిద్ర లేదు, గాంధీ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లలేను, పెనం ముందు నిలబడలేను. నా జవాబుల్లోనే నిర్ణయం ఉంది.

ఎక్కడ చేయించుకోవాలనే టెన్షన్ తర్వాత మొదలైంది. తిరుపతిలో బర్డ్, స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి. పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి రైలెక్కితే వేలూరు సీఎంసీ. ప్రైవేటువి సరేసరి. ఆరోగ్య కార్డు మీద ఏది వస్తుందో, ఏది చేతి నుంచి పడుతుందో ముందే అడిగి తెలుసుకున్నాం. సర్జన్‌ను నేను అడిగిన ప్రశ్నలు ఇవి: ఇలాంటివి తరచూ చేస్తుంటారా, కొత్త కీలును ఎముకకు సిమెంటుతో బిగిస్తారా లేకుండానా, ఎంతకాలం ఉంటుంది, ఏమేం జరగొచ్చు. ఇంగ్లాండులో జాన్ చార్న్లీ 1962లో దారి వేసిన ఆపరేషన్ ఇది. ఇప్పుడు సగానికి పైగా కీళ్లు 25 ఏళ్లు కూడా పనిచేస్తున్నాయన్నారు. ఇన్‌ఫెక్షన్, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం, కీలు జారడం, రెండు కాళ్ల పొడవులో తేడా, వీటినీ దాచకుండా చెప్పారు. దాచకుండా చెప్పినందుకే ఆయన దగ్గర ధైర్యం వచ్చింది. ముందుగా పంటి నొప్పికి వైద్యం చేయించుకున్నాను, షుగర్ పరీక్ష చేయించుకున్నాను. నోట్లో చీము ఉన్నా కొత్త కీలుకు ముప్పే.

నడుముకు మత్తు ఇచ్చి చేశారు. మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు. కుట్ల దగ్గర నొప్పి బాగానే ఉంది, కానీ గజ్జలో ఆ పాత లాగుడు లేదు. అడుగు వేయగానే తెలిసిపోయింది, అక్కడే ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక మా ఆయన మంచం కోళ్ల కింద చెక్కలు పెట్టి ఎత్తు చేశారు. బాత్రూంలో వెస్ట్రన్ కమోడ్ ముందే పెట్టించాం. మొదటి మూడు నెలలు కాలు మీద కాలు వేయకూడదు, బాగా వంగకూడదు, కిందకు ఉండే కుర్చీలో కూర్చోకూడదు. రక్తం పలుచబడే మందు మానకుండా వాడాను. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి రమ్మని చెప్పి పంపారు. అంగట్లో పెనం కొడుకూ కోడలూ పట్టుకున్నారు, నేను గల్లాపెట్టె దగ్గర ఎత్తు కుర్చీలో కూర్చునేదాన్ని.

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను, పెనం దగ్గర సగం పూట నిలబడుతున్నాను. నేల మీద బాసింపట్టు వేయను, గుళ్లో కూడా కుర్చీ అడుగుతాను. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఎక్కొచ్చా అని అడిగితే, కండరాలు ఇంకా గట్టిపడనివ్వమని, దిగేటప్పుడు బస్సులో రమ్మని అన్నారు సర్జన్ గారు. ఎడమ తుంటిలోనూ అరుగుదల కొద్దిగా మొదలైంది. దానికి ఆపరేషన్ మాట ఇప్పుడు లేదు, వ్యాయామాలు రెండు వైపులా చేస్తున్నాను, వచ్చే ఏడాది మళ్లీ ఎక్స్‌రే తీయిస్తాం.