సుక్మాలో వదిలేసొచ్చిన మా చేను కోసం క్లెయిమ్ వేసిన నా అనుభవం

మాది ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా, కొంటా బ్లాకులో ఒక ఊరు, పేరు రాయట్లేదు, మావాళ్లు ఇంకా అక్కడున్నారు. 2006లో సల్వా జుడుం (మావోయిస్టుల మీదకి ప్రభుత్వం అండతో లేపిన సాయుధ దళాలు) టైంలో ఊరు తగలబడ్డాక నాన్న మమ్మల్ని తీసుకుని బోర్డర్ దాటి చింతూరు వైపు వచ్చేశాడు, నేనప్పుడు చిన్నోణ్ణి. ఇక్కడ మమ్మల్ని గుత్తికోయలంటారు. పోడు చేసుకుంటే ఫారెస్టోళ్లు ఒప్పుకోరు, ఎస్టీ సర్టిఫికెట్ అడిగితే మీ రాష్ట్రం పోయి తెచ్చుకోండి అంటారు. అందుకే అక్కడి భూమికైనా పట్టా తెచ్చుకుందామని అటవీ హక్కుల చట్టం (అడవి భూమి సాగు చేసుకునేవాళ్లకి హక్కు ఇచ్చే చట్టం) కింద క్లెయిమ్ వేద్దామనుకున్నాం.

చట్టంలో నిర్వాసితుల కోసం సెక్షన్ 3(1)(ఎం) ఉంది, పునరావాసం ఇవ్వకుండా అన్యాయంగా వెళ్లగొడితే బదులు భూమి అడగొచ్చు, కానీ 2005 డిసెంబర్ 13కి ముందు పోయినోళ్లకే. మేం వచ్చింది ఆ తర్వాత. సరే మామూలు సాగు హక్కు కింద అడుగుదామంటే చట్టం అమల్లోకొచ్చిన నాటికి ఆ భూమి సాగులో ఉండాలట, అప్పటికి మేం ఇక్కడ మిరప తోటల్లో కూలికి పోతున్నాం. ఇళ్లు కాలిపోతే ప్రాణాలు దక్కించుకుని పారిపోయినోణ్ణి ఆ రోజు నీ చేలో ఎందుకు లేవు అని అడగడం ఏం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంకో చిక్కు మా ఇంట్లోనే ఉంది. మా చిన్నాన్న ఊరు వదల్లేదు, అడవిలో దాక్కుని దాక్కుని మా చేను కూడా తనే దున్నుకున్నాడు. నాన్నకి ఆ కోపం చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది. పటేల్ ఇంటి ముందు కూర్చోబెడితే చిన్నాన్న ఒకటే మాట, నేను దున్నకపోతే అది అడివైపోయేది కదా అని. నాన్నేమో నేను అమ్ముకుని పోలేదు, బతకడానికి పోయాను అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, ఎవరినీ తప్పు పట్టలేం. చివరికి ఊరి పెద్దోళ్లే దారి చూపించారు, కుటుంబం సాగు ఎప్పుడూ ఆగలేదని రాయండి, తమ్ముడు దున్నిందే అన్నకి సాక్ష్యం అవుతుంది అని. ఇప్పచెట్ల నుంచి గట్టు దాకా నాన్నది, అవతలిది చిన్నాన్నది అని హద్దులు చెప్పుకుని ఇద్దరూ వేర్వేరు ఫారాలు నింపారు, రెండిట్లోనూ భార్యల పేర్లు రాయించాం, పట్టా ఇద్దరి పేరునా రావాలి కాబట్టి.

కాగితాలన్నీ మంటల్లో పోయాయి. మీ దగ్గర కూడా లేకపోతే భయపడకండి, ఈ చట్టం రూల్ 13 ప్రకారం పెద్దల వాంగ్మూలం రాయించుకుంటే సాక్ష్యమే, పాత బావి, శ్మశానం లాంటివీ చూపించొచ్చు. మా తాతకి నిలబెట్టిన రాయి చేను పక్కనే ఉంది, దాన్ని కూడా రాయించాం.

అసలు కష్టం గ్రామసభ, క్లెయిమ్ మీద ముందు అదే తీర్మానం చేసి పైకి పంపాలి. సభ్యుల్లో సగం మంది ఉంటేనే కోరం, వచ్చినోళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఊళ్లో చాలామంది చింతూరు, చర్ల మండలాల్లో చెల్లాచెదురుగా ఉంటే సగం ఎక్కణ్ణుంచి వస్తారు? కూలి మానుకుని రమ్మని ఒక్కొక్కరి గుడిసెకి పోయి బతిమాలి ఆటోల్లో తీసుకెళ్లాం, కొంతమంది ఆడవాళ్లయితే ఊరు వదిలాక మళ్లీ అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. తీర్మానం హిందీలో రాశారు, చదివి వినిపించి గోండిలో చెప్పిన తర్వాతే వేలిముద్రలు వేయించాం.

ఫైలు ఇప్పుడు గ్రామసభ పంపిన క్లెయిములు చూసే సబ్ డివిజన్ కమిటీ దగ్గరుంది, పట్టా ఇంకా రాలేదు. అక్కడ కాదంటే 60 రోజుల్లో జిల్లా కమిటీకి పోవచ్చు. తీర్మానం కాపీ, ఫారం తీసుకున్నట్టు రసీదు మాత్రం వదలకండి, తర్వాత ఇస్తాం అంటే అక్కడే కూర్చోండి. పట్టా వచ్చేదాకా ఆ చేను చిన్నాన్నే దున్నుతాడు, పండినదాంట్లో నాన్నకి వాటా పంపాలని పటేల్ ఎదుట ఇద్దరూ ఒప్పుకున్నారు, మొన్న పంటకి వడ్లు పంపాడు కూడా.